హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు: ఒక లెక్కల మాస్టారి పద్ధతి

టికెట్లు ప్రింటు తీయించి తెచ్చిన సాయంత్రం మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కరెంటు బిల్లు వెనక తీసివేతలు వేసింది. కాసేపటికి వంటింట్లోంచి కేక. “ఏమండీ, వెళ్ళేటప్పుడు పదకొండుంపావు గంటలు, వచ్చేటప్పుడు ముప్ఫై ఎనిమిది గంటలా? తిరుగు విమానం ఏమన్నా ప్యాసింజర్ బండా?”

తీసివేతలో తప్పు లేదు. పోయేటప్పుడు హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4.20కి ఎక్కితే డల్లాస్‌లో అదే రోజు మధ్యాహ్నం 3.35కి దిగుతాం అని ఉంది. తిరుగు టికెట్టులో ఏప్రిల్ 12 మధ్యాహ్నం 12.30కి డల్లాస్‌లో ఎక్కితే 14వ తేదీ తెల్లవారుజామున 2.50కి హైదరాబాద్. ఆమె చేసిన పొరపాటల్లా ఒక్కటే, ఒక ఊరి గడియారంలోంచి ఇంకో ఊరి గడియారాన్ని తీసేసింది. ముప్ఫై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాడి ఇంట్లోనే ఇలా ఉందంటే మిగతావాళ్ళ సంగతి చెప్పేదేముంది! ఇప్పుడు మా తెనాలి వీధిలో ఎవరికి అమెరికా టికెట్టు వచ్చినా, “మాస్టారూ, అసలు ఎన్ని గంటలు కూర్చోవాలండీ?” అంటూ మా అరుగు మీదికే వస్తారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు దూరం సంగతి చూద్దాం. గోడ మీద ప్రపంచ పటం చూసి దూరం అంచనా వేయొద్దు. బల్లపరుపు పటంలో ధ్రువాల దగ్గరి భూమిని సాగదీసి గీస్తారు. అందులో గ్రీన్లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు పెద్దది. ఆ పటం మీద హైదరాబాద్‌కీ డల్లాస్‌కీ స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా, సహారా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. అసలు దగ్గరి దారి అది కానే కాదు. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం ముక్క తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డల్లాస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమటికి పోదు, తిన్నగా ఉత్తరానికి ఎక్కి, ఉత్తర ధ్రువం పక్కనుంచి అవతలి వైపుకి దిగుతుంది. గ్లోబు లేకపోతే బత్తాయి పండు మీద పెన్నుతో రెండు చుక్కలు పెట్టి చూసినా సరే. మా ఆవిడకి నేను అలాగే చూపించాను. పండు పాడుచేశానని విసుక్కుంది గానీ సంగతి మాత్రం అర్థమైందంది.

ఈ జంట ఊళ్ళ విషయంలో ఒక విడ్డూరం ఉంది, నాకు చాలా ఇష్టమైన లెక్క. శంషాబాద్ విమానాశ్రయం 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డల్లాస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 175 చిల్లర. 180 అయితే రెండు ఊళ్ళ రేఖాంశాలూ భూమికి సరిగ్గా ఎదురెదురు వైపులు. ఇక్కడ కొరత నాలుగున్నర డిగ్రీలే కాబట్టి ధ్రువం మీదుగా పోయే దారే రమారమి దగ్గరి దారి. అప్పుడు త్రికోణమితి అక్కర్లేదు, ఎనిమిదో తరగతి కూడిక చాలు. శంషాబాద్ అక్షాంశం 17.25, అక్కణ్ణుంచి ధ్రువానికి 90లో ఇది పోగా 72.75 డిగ్రీలు. డల్లాస్ అక్షాంశం 32.9, ధ్రువం నుంచి అక్కడికి 57.1. మొత్తం 129.85 డిగ్రీలు.

ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. ఈ 111 ఎక్కడిదంటే, ఫ్రెంచి వాళ్ళు 1790లలో మీటరును తయారుచేసిందే భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా ఉన్న దూరంలో కోటో వంతుగా. అంటే ఆ దూరం 10,000 కిలోమీటర్లు, దాన్ని 90 డిగ్రీలకి పంచితే 111. ఇప్పుడు 129.85ని 111తో గుణించండి, 14,413 వస్తుంది. కంప్యూటర్‌ని అడిగితే 14,420కి అటూ ఇటూగా చెబుతుంది. కాగితం మీద రెండు నిమిషాల్లో వేసిన లెక్కకి ఆ తేడా ఒక లెక్కా?

మీ ఊళ్ళు ఇలా ఎదురెదురుగా లేకపోతే ఈ చిట్కా పనిచేయదు. అప్పుడు సూత్రం కావాలి. రెండు అక్షాంశాల సైన్ విలువల్ని గుణించండి. దానికి, రెండు అక్షాంశాల కొసైన్లనూ రేఖాంశాల తేడా కొసైన్‌నూ గుణించి కలపండి. వచ్చినదానికి విలోమ కొసైన్ తీస్తే డిగ్రీలు వస్తాయి, మళ్ళీ 111తో గుణకారం. మనవడి సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఉంటే సరి. ఈ తతంగం వద్దనుకుంటే ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి శంషాబాద్ విమానాశ్రయం మీద వేలు నొక్కిపట్టండి. పిన్ను పడ్డాక కింద వివరాల్లో ‘మెజర్ డిస్టెన్స్’ అని ఉంటుంది. అది నొక్కి మ్యాపుని జరుపుకుంటూ డల్లాస్ దాకా తీసుకెళ్తే కిలోమీటర్లు అదే చూపిస్తుంది. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటులో అయితే విమానాశ్రయాల మూడక్షరాల కోడ్లు కొడితే చాలు. మనది హెచ్‌వైడీ, డల్లాస్ డీఎఫ్‌డబ్ల్యూ, దుబాయ్ డీఎక్స్‌బీ. విజయవాడ వాళ్ళు వీజీఏ అని కొట్టుకోవాలి.

ఒక్క జాగ్రత్త. అక్కడ వచ్చిన అంకె మైళ్ళా, కిలోమీటర్లా, నాటికల్ మైళ్ళా చూసుకోండి. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609. ఇదే దూరం మైళ్ళలో దాదాపు 8,960, నాటికల్ మైళ్ళలో దాదాపు 7,790. మా పక్కింటి రిటైర్డు పోస్టుమాస్టరు గారు “అబ్బే, ఎనిమిది వేలేనండీ” అని వారం రోజులు నాతో వాదించారు. ఆయన చూసింది నాటికల్ మైళ్ళు.

అయితే 14,420 అన్నది నేరుగా ఎగిరితే. మేం వెళ్ళింది దుబాయ్‌లో మారి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దాదాపు 2,550, దుబాయ్ నుంచి డల్లాస్‌కి దాదాపు 12,900, వెరసి 15,450. దుబాయ్‌లో దిగినందుకు పెరిగింది వెయ్యి కిలోమీటర్లు, అంటే గంటా పావు ప్రయాణం. పెద్ద చుట్టేం కాదు. నేరు విమానానికీ దీనికీ అసలు తేడా దూరంలో రాదు, మధ్యలో కూర్చునే గంటల్లో వస్తుంది. ఇంత దూరం ఒకే విమానం ఎగరలేదా అని అడుగుతారు. ఎగరగలదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఒకే ఎగురుడులో 15,300 కిలోమీటర్ల పైచిలుకు పోతున్నారు. 2021 జనవరిలో మన ఎయిర్ ఇండియా ఆడపైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా విమానం తెచ్చారు, నేరు దూరం 14,000 కిలోమీటర్లు. దారం చూపించిన దారి అదే.

ఇక గంటలు. పెద్ద విమానం పైకెక్కి నిలకడగా పోయేటప్పుడు గంటకి 900 కిలోమీటర్ల దరిదాపుల్లో పోతుంది. నేల మీద పాకడం, ఎక్కడం, దిగడం నెమ్మది. అందుకని నా పద్ధతి: దూరాన్ని 850తో భాగించి, అరగంట కలపండి. దుబాయ్‌కి 2,550 అంటే మూడు గంటలు, అరగంట కలిపితే మూడున్నర. డల్లాస్‌కి 12,900 అంటే పదిహేను గంటల చిల్లర, కలిపితే పదిహేనూ ముప్పావు. టికెట్టులో మాకు ఇచ్చింది మొదటిదానికి 4 గంటలు, రెండోదానికి 16 గంటల 10 నిమిషాలు. తిరుగు దారిలో 14.40, 3.20. నా అంకెలు రెండూ ఆ మధ్యలోనే పడ్డాయి చూడండి.

పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకంటే గాలి. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి వేగంగా వీచే గాలులుంటాయి, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో అవి మరీ జోరుగా ఉంటాయి. గోదాట్లో పడవ ఎదురీదడానికీ, వాలుకి పోవడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. సీటు ముందు తెర మీద మ్యాపు పెట్టుకుని నేను ఈ తమాషా చూస్తూ కూర్చున్నాను. పోయేటప్పుడు వేగం ఒక దశలో 800 కిందికి దిగింది. వచ్చేటప్పుడు వెయ్యి దాటింది. ఇంజన్లు అవే, పైలట్లు తొక్కేదీ అంతే, మోసుకుపోయేది గాలి. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి అయిదు గంటల లోపే, 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఎదురు దిక్కున అదే దూరానికి ఏడు గంటలు దాటుతుంది.

దేశాల మధ్య గొడవలొచ్చినా గంటలు పెరుగుతాయి. 2022లో రష్యా తన ఆకాశం మీదుగా యూరప్, అమెరికా, కెనడా విమానాలు పోవద్దంది. దాంతో హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల్లో పోయే విమానం దాదాపు పదమూడు గంటలు తిరగాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి దారి మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి పోయేవాళ్ళకి ఇలాగే పెరిగింది. హైదరాబాద్, దుబాయ్ దారి అరేబియా సముద్రం మీదుగా పోతుంది కాబట్టి మనకి ఆ బెడద లేదు. కనుక కాగితం మీద లెక్క వేసుకున్నాక, మీ విమానం నంబరు ఫ్లైట్‌రాడార్24 అనే సైటులో కొట్టి గత కొద్ది రోజుల్లో అది నిజంగా ఎప్పుడు ఎగిరి ఎప్పుడు దిగిందో చూడండి. నా 850 సూత్రం కన్నా అది నమ్మకం.

ఇప్పుడు మా ఆవిడ ముప్ఫై ఎనిమిది గంటల దగ్గరికి వద్దాం. టికెట్టు మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. వాటిని ఒకే గడియారంలోకి మార్చకుండా తీసివేత చేయకూడదు. నేను గ్రీనిచ్ టైములోకి మారుస్తాను. మనది గ్రీనిచ్ కన్నా అయిదున్నర ముందు, దుబాయ్ నాలుగు ముందు, డల్లాస్ ఆరు వెనక. హైదరాబాద్ 4.20లోంచి 5.30 తీస్తే ముందు రోజు రాత్రి 10.50. డల్లాస్ మధ్యాహ్నం 3.35కి ఆరు కలిపితే రాత్రి 9.35. మధ్యలో 22 గంటల 45 నిమిషాలు. సరిచూసుకుందాం. నాలుగు గంటలు, దుబాయ్‌లో 2 గంటల 35 నిమిషాలు, 16 గంటల 10 నిమిషాలు, కూడితే 22.45. సరిపోయింది.

దీనికో సరదా చిట్కా ఉంది. ముళ్ళున్న వాచీని తలకిందులుగా పట్టుకుంటే మన టైము గ్రీనిచ్ టైము అయిపోతుంది. నా దగ్గర ఉద్యోగంలో చేరినప్పుడు కొనుక్కున్న హెచ్‌ఎంటీ వాచీ ఉంది. మూడు గంటలప్పుడు దాన్ని తిప్పిపట్టి చూస్తే చిన్న ముల్లు తొమ్మిది దగ్గర, పెద్ద ముల్లు ఆరు దగ్గర కనిపిస్తుంది. అంటే తొమ్మిదిన్నర. మూడులోంచి అయిదున్నర పోతే తొమ్మిదిన్నరే కదా. పిల్లల డిజిటల్ వాచీలు ఈ పని చేయలేవు.

తిరుగు ప్రయాణంలో ఇంకో మెలిక. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. మేం వెళ్ళింది నవంబరు 28న, అప్పుడు డల్లాస్ మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. వచ్చింది ఏప్రిల్‌లో, అప్పటికి తేడా పదిన్నరే. ఏప్రిల్ 12 మధ్యాహ్నం 12.30 నుంచి 14 తెల్లవారుజామున 2.50 దాకా గడియారం ప్రకారం 38 గంటల 20 నిమిషాలు, అందులోంచి పదిన్నర తీసేస్తే 27 గంటల 50 నిమిషాలు. ప్యాసింజర్ బండేం కాదు. గాల్లో గడిపింది 18 గంటలే, తక్కిన 9 గంటల 50 నిమిషాలు దుబాయ్‌లో కుర్చీల మీద.

పిల్లలకి ఫోన్ చేయడానికి ఇంత లెక్క అక్కర్లేదు. చలికాలంలో పగలు-రాత్రి మార్చి అరగంట కలపండి. ఇక్కడ ఉదయం ఎనిమిది అంటే అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర. ఎండాకాలంలో అరగంట బదులు గంటన్నర కలపండి.

మధ్యలో ఆగే టైము గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. అరవై దాటినవాళ్ళకి రెండు గంటల లోపు టికెట్టు ఎంత చవకగా వచ్చినా వద్దు. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే దిగి, బస్సులో టెర్మినల్‌కి వచ్చి, మళ్ళీ సెక్యూరిటీలో బూట్లు విప్పి, నూరో గేటో ఏదో దాకా నడిచేసరికి టెన్షన్‌తో బీపీ పెరుగుతుంది. రెండున్నర నుంచి నాలుగు గంటలు సుఖం. వీల్‌చైర్ కావాలంటే టికెట్టు కొనేటప్పుడే పెట్టించండి, వాళ్ళకీ కొంత టైము పడుతుంది. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. విడివిడిగా కొంటే మధ్యలో పెట్టెలు తీసుకుని మళ్ళీ వేయాల్సి రావచ్చు, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే బాధ్యత మీదే. మాత్రలు వేసుకునేవాళ్ళు విమానంలో ఉన్నన్ని గంటలకి ఎన్ని, ఎప్పుడు అన్నది డాక్టర్ని ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. మా ఆవిడ మాత్రల కోసమే నా హెచ్‌ఎంటీని ప్రయాణమంతా ఇండియా టైములోనే ఉంచాను. ఫోన్ తనంతట తను ఊరూరికీ టైము మార్చేసుకుంటుంది, దాన్ని నమ్ముకుంటే మాత్ర వేసుకున్నామో లేదో తెలియని గందరగోళం.

ఇంతాచేసి, 22 గంటల 45 నిమిషాలు విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి మాత్రమే. తెనాలి నుంచి శంషాబాద్ 300 కిలోమీటర్ల దాకా ఉంటుంది, కారులో ఆరు గంటలు, సూర్యాపేటలో భోజనం. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు ఉండాలి. మేం 27వ తేదీ సాయంత్రం అయిదున్నరకి ఇంటికి తాళం వేశాం. డల్లాస్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరస, పెట్టెలు, ఆవకాయ డబ్బా గురించి అడిగినవాళ్ళకి సమాధానం, గంటన్నర. అక్కణ్ణుంచి ఫ్రిస్కోలో అమ్మాయి ఇంటికి నలభై నిమిషాలు. గుమ్మంలో అడుగుపెట్టేసరికి అక్కడి గోడ గడియారం 28వ తేదీ సాయంత్రం 5.45 చూపిస్తోంది. చూస్తే ఒక్క రోజే గడిచినట్టుంది. నా హెచ్‌ఎంటీ ప్రకారం ముప్ఫై అయిదూ ముప్పావు గంటలు. మోకాళ్ళు మాత్రం హెచ్‌ఎంటీ చెప్పిందే చెప్పాయి.

వచ్చేటప్పుడు గంటలన్నీ సరిగ్గానే లెక్కవేశాను గానీ తేదీ దగ్గర దెబ్బతిన్నాం. “14వ తేదీ తెల్లవారుజామున 2.50కి దిగుతాం, కారు తీసుకురా” అని మా బావమరిదికి డల్లాస్ నుంచి చెప్పాను. మూడున్నరకి పెట్టెల ట్రాలీ తోసుకుంటూ బయటికొస్తే ఎవరూ లేరు. ఫోన్ చేస్తే నిద్రమత్తులో ఎత్తి, “అదేంటి బావా, 14 రాత్రికి కదా! కారు కూడా కడిగించి పెట్టాను” అన్నాడు. 14 తెల్లవారుజాము అంటే 13 రాత్రి బయల్దేరాలని వాడికి తట్టలేదు, నాకు చెప్పాలని తట్టలేదు. నాలుగు పెట్టెలతో పుష్పక్ బస్సు పట్టుకుని సికింద్రాబాద్ వచ్చి, పొద్దున రైలెక్కి తెనాలి చేరాం. మా ఆవిడ దారి పొడవునా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు ఎవరైనా అరుగు మీద టికెట్టు పరిస్తే ముందు దిగే టైము చూస్తాను. అర్ధరాత్రి పన్నెండు దాటాక తెల్లవారేలోపు ఏ టైము ఉన్నా, తీసుకురావడానికి వచ్చేవాళ్ళకి పంపాల్సిన మెసేజీ నేనే కాగితం మీద రాసిస్తాను: “13వ తేదీ సాయంత్రం ఏడింటికల్లా భోంచేసి బయల్దేరాలి. 13వ తేదీ రాత్రి పడుకోకూడదు.”